సున్నా దగ్గర

బోరబండల మాది ఐదు గల్లీల కాలనీ, ఐదు వాల్వులు.
ఇరవై రెండేండ్లు వాటిని తిప్పింది బాల్‌నర్సయ్య చెయ్యి,
భుజం మీద నాలుగడుగుల ఇనుప కీ.
మొన్న ఎండకాలం ఆయన మోకాలు
వంగనంటే వంగనన్నది.
సంఘపోళ్లు నా దగ్గరికొచ్చిన్రు:
"బోర్డులు చేస్తవట గద, నవనీతా."

కొత్త వాల్వులు ఇరవై నాలుగు వోల్టులవి, ఏసీ.
మనిషిని చంపనంత కరెంటు,
కాయిల్‌ను గుంజి నీళ్లకు దారిచ్చేటంత.
నా దగ్గరున్నది గోరంత చిప్పు, ఐదు వోల్టుల బతుకు.

మొదలు తెల్వక మాస్‌ఫెట్ పెట్టిన.
ఆపినా ఆగలే.
సగం అల దొడ్డిదారిన దూరి
వాల్వు కందిరీగ లెక్క రొద పెట్టింది,
ఇల్లంత కాలిన వార్నిష్ వాసన.

కోఠి. గుజరాతీ గల్లీ.
జయంతిభాయ్ నా బోర్డును అద్దాలెత్తి చూసి నవ్విండు.
"డీసీ వన్‌వే రోడ్డు బేటీ.
ఇది వచ్చిపోయేది. రెండు దిక్కుల తెరుసుకునే తలుపు కావాలె."
ట్రయాక్‌లు పది, ఆప్టోలు పది పాత పేపర్ల చుట్టి,
చిల్లర లేదని
ఒక లావు రెసిస్టర్ చేతుల పెట్టిండు.

ఆప్టో లోపల ఇటు నుంచి అటుకు తీగ లేదు.
ఈ ఒడ్డున చిన్న దీపం వెలుగుతది,
ఆ ఒడ్డున ఎవరో చూసి తలుపు తీస్తరు.
అంతే సంబంధం.
ఒకరి షాకు ఒకరికి తగలది.

ట్రయాక్ గుణం వేరే.
ఒక్కసారి తడితే తెరుసుకుంటది,
తట్టిన చెయ్యి తీసినా మూసుకోదు.
కరెంటు తనంతట తాను సున్నాకు దిగాలె,
అప్పుడే ఆగుడు.
సెకనుకు నూరుసార్లు దిగుతది,
మన కండ్లకే ఆనది.

టంకం పెడుతుంటె మా అక్క యాదికొచ్చింది.
మూడేండ్ల కోపం, ఎవరు చెప్పినా ఆగలే.
ఎన్నడు సున్నాకు దిగిందో,
ఒకనాడు గోంగూర గిన్నె పట్టుకొని
గడపల నిలబడ్డది.

టైములు రాసుకుందామని బాల్‌నర్సయ్య ఇంటికి పోయిన.
"ఒకటి, రెండు: ఇరవై నిమిషాలు.
మూడోది ఎత్తు, ఇంకో ఏడు కలుపు.
నాలుగుల ఖైరున్నిసా సంపు చిన్నది,
పొర్లి పోతది, జల్ది బంద్ చెయ్.
ఐదోది ఆఖరు. ఓపికమంతులు పాపం,
ఎంతిస్తే అంత."
ఆయన దగ్గర కాగితం లేదు.
ఇరవై రెండేండ్ల నీళ్లు నాలిక మీదనే ఉన్నయ్.
ప్రోగ్రాంల ఐదు అంకెలు కొట్టి
పక్కన కామెంటుల ఆయన పేరు రాసిన.
చిప్పు దాన్ని చదవదు. అయినా రాసిన.

తెల్లారుజాము నాలుగింటికి నీళ్లొచ్చినయ్.
ఒకటి, రెండు, మూడు, నాలుగు:
టక్కుమని తెరుసుకున్నయ్, మెత్తగ మూసుకున్నయ్.
ఐదోది తెరుసుకున్నది.
మూసుకోలే.
కాయిల్ తన్నుడు ఆపుదామని నేనే పెట్టిన స్నబ్బర్ల నుంచి
సన్నగ కారే కరెంటు
దాన్ని విడువలే.

ఐదో గల్లీల డ్రమ్ములు నిండినయ్,
బిందెలు, బకెట్లు, కుక్కర్లు,
బడి పిల్లల వాటర్ బాటిళ్లు సుత.
ఒక్కరు ఫోన్ చేస్తె ఒట్టు.
చేసింది మూడో గల్లీ.

బాల్‌నర్సయ్య కుంటుకుంట వచ్చిండు.
మూత లేపి, కీ దించి, ఒక్క చుట్టు.
నీళ్లు ఆగినయ్.
"నీ మిషన్‌కు వాళ్లంటె పావురం ఉన్నట్టుంది" అన్నడు.

పొద్దుగాల ఐదో కాయిల్‌కు అడ్డంగ
జయంతిభాయ్ చిల్లరను అతికిన.
కారేది ఇప్పుడు దాంట్లనే వేడై పోతది,
ముట్టుకుంటె గోరువెచ్చగ ఉంటది.

ఆ మాపటికి బోర్డు డబ్బా పక్కన
గోడకు కీ ఆనించి నిలబడ్డడు పెద్దాయన.
"కరెంటు పోతె?"
నా దగ్గర జవాబు లేకుండె.
మేకు నేనే కొట్టిన.